అండదాత ఎంపికలో చూడవలసింది రంగూ, కులమూ కాదు

పెళ్ళయి పదేళ్ళయినా కడుపు పండని ఇల్లాలిని సీమంతం పేరంటానికి పిలవటానికి వెనుకాడే ఊళ్ళు ఇంకా ఉన్నాయి. లోపం ఎవరిలో ఉన్నా మాట పడేది ఆమే. మొక్కులు మొక్కి, నాటుమందులు మింగి, ఉన్న అరెకరం తాకట్టు పెట్టి పట్నంలో పెద్ద ఆస్పత్రి మెట్లెక్కిన దంపతులకు డాక్టరు ఒక మాట చెప్పటం ఈ మధ్య తరచు వింటున్నాం. "అమ్మా, నీ అండాలతో బిడ్డ పుట్టే అవకాశం లేదు. గర్భసంచి బాగానే ఉంది. దాత అండంతో ప్రయత్నించవచ్చు" అన్నదే ఆ మాట.

ఆ మాట అరిగించుకోవటానికి కొన్నాళ్ళు పడుతుంది. ఆ తరువాత దంపతులు, వారి వెంట వచ్చిన పెద్దలు అడిగే ప్రశ్నలు దాదాపు ఒక్కతీరుగానే ఉంటాయి. ఆ పిల్లది ఏ కులం? ఎరుపా, నలుపా? ఏం చదివింది? ఈ ప్రశ్నలు అడిగేవారిని తప్పు పట్టనక్కరలేదు. సంబంధం చూసేటప్పుడు అడగటం అలవాటయిన ప్రశ్నలే అవి. కాని పుట్టబోయే బిడ్డ ఆరోగ్యం, దంపతుల డబ్బు, అండం ఇచ్చే స్త్రీ ప్రాణం ఈ ప్రశ్నల మీద ఆధారపడి లేవు. అవి వేరే ప్రశ్నల మీద ఆధారపడి ఉన్నాయి. ఆ ప్రశ్నలు ఏమిటో తెలియక మోసపోతున్నవారు ఉన్నారు గనుక వాటిని గురించి వివరంగా చెప్పుకోవలసి ఉంది.

అసలు సంగతి ఏమిటి?

ఆడపిల్ల పుట్టేనాటికే ఆమె అండాశయాలలో 10 నుంచి 20 లక్షల దాకా అండాల మొలకలు ఉంటాయి. రజస్వల అయ్యేనాటికి అవి మూడు, నాలుగు లక్షలకు తగ్గుతాయి. ఆ తరువాత కొత్తవి పుట్టవు. ఉన్నవి ఏటేటా తరిగిపోతూ ఉంటాయి. 35 ఏళ్ళు దాటితే ఈ తరుగుదల వేగం అందుకుంటుంది. అండాల సంఖ్యే కాక, వాటి బలం కూడా తగ్గుతుంది. కొందరిలో 40 ఏళ్ళు రాకముందే ముట్లు ఆగిపోతాయి. కొందరికి ఏ గడ్డ వల్లనో అండాశయాలు తీసివేయవలసి వస్తుంది. క్యాన్సరు మందులు వాడినవారిలో అండాలు దెబ్బతింటాయి. కొందరు పుట్టుకతోనే ఆ లోపంతో పుడతారు. సొంత అండాలతో టెస్ట్‌ట్యూబ్ పద్ధతిలో రెండు మూడుసార్లు ప్రయత్నించి విఫలమైనవారూ ఉన్నారు. దాత అండం అవసరమయ్యేది ముఖ్యంగా వీరికి.

ఇది నిన్న మొన్నటి విద్య కాదు. శరీరం వెలుపల అండాన్ని, వీర్యకణాన్ని కలిపి ఆ పిండంతో కన్న తొలి బిడ్డ 1978 జూలై 25న ఇంగ్లండులో పుట్టింది. అదే ఏడాది అక్టోబరు 3న కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ కృషి ఫలితంగా మన దేశంలో ఒక ఆడపిల్ల పుట్టింది. ఆయన మాటను ఆనాటి ప్రభుత్వం నమ్మలేదు. అవమానం భరించలేక ఆయన 1981లో ప్రాణం తీసుకున్నారు. మరొకరి అండంతో గర్భం ధరించిన స్త్రీలు బిడ్డలను కనటం 1984 ప్రాంతంలో ఆస్ట్రేలియాలోను, అమెరికాలోను మొదలయింది. ఇప్పుడు మన తెలుగునాట పెద్ద పట్టణాలన్నిటిలోను ఈ వైద్యం చేసే ఆస్పత్రులు వెలిశాయి. వైద్యం ఊరి దాకా వచ్చింది. దానిని గురించిన తెలివిడి మాత్రం ఇంకా రాలేదు.

పద్ధతి ఇదీ. దాత నుంచి తీసిన అండాలను భర్త వీర్యకణాలతో ప్రయోగశాలలో కలుపుతారు. ఏర్పడిన పిండాన్ని మూడు నుంచి అయిదు రోజులు అక్కడే పెంచుతారు. ఈలోగా భార్యకు మందులిచ్చి గర్భసంచి లోపలి పొరను సిద్ధం చేస్తారు. ఆ తరువాత సన్నని గొట్టంతో పిండాన్ని లోపల ఉంచుతారు. అది నిలిస్తే నెల తప్పినట్లు. నిలవకపోతే మళ్ళీ మొదటికి వస్తుంది. ఎంత మంచి ఆస్పత్రి అయినా ప్రతిసారీ నిలుస్తుందని చెప్పలేదు. నూటికి నూరుపాళ్ళు హామీ ఇస్తామన్న బోర్డు ఎక్కడైనా కనిపిస్తే ఆ గడప తొక్కకపోవటమే మేలు.

ఇచ్చే మనిషికి ఏమవుతుంది?

రక్తదానం వంటిదే గదా అని చాలామంది అనుకుంటారు. పోలిక కుదరదు. రక్తం ఇచ్చిన మనిషి అరగంటలో లేచి తన పని తాను చూసుకుంటాడు. అండం ఇచ్చే స్త్రీ పది, పన్నెండు రోజులు ఇంజక్షన్లు వేయించుకోవాలి. మామూలుగా నెలకు ఒక్క అండం పక్వమవుతుంది. ఈ మందుల ప్రభావంతో ఒకేసారి చాలా అండాలు పక్వమవుతాయి. రోజు విడిచి రోజు స్కానింగు, మధ్య మధ్య రక్త పరీక్షలు ఉంటాయి. చివరి ఇంజక్షన్ చేసిన 34 నుంచి 36 గంటలకు మత్తు ఇచ్చి, యోనిమార్గం గుండా సూదిని అండాశయంలోకి పంపి అండాలను బయటికి తీస్తారు.

నూటికి ఎక్కువమంది ఒకటి రెండు రోజుల్లో కోలుకుంటారు. కాని మందు మోతాదు మించినా, దాత శరీరం తట్టుకోలేకపోయినా అండాశయాలు ఉబ్బి, కడుపులో నీరు చేరి, ఊపిరి ఆడక ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం ఉంది. సూది వల్ల లోపల రక్తస్రావం కావచ్చు. మత్తు వికటించవచ్చు. 2010లో ముంబయిలో అండాలు ఇచ్చిన 17 ఏళ్ళ బాలిక, 2014లో ఢిల్లీలో ఒక యువతి ఈ దారిలోనే మరణించారు. ఇద్దరూ పేదవారు. ఇద్దరూ డబ్బు అవసరం కొద్దీ వెళ్ళినవారే.

అందువల్ల బిడ్డ కావాలనుకునే దంపతులు దాత ముఖం చూడకపోయినా, ఆమె కూడా ఒక ఇంటి ఆడపడుచే అన్న సంగతి గుర్తుంచుకోవాలి. ఆమె ఉసురు పోసుకుని ఒడి నింపుకోవాలని ఏ తల్లీ కోరుకోదు.

చట్టం ఏమంటోంది?

2021 డిసెంబరులో పార్లమెంటు ఈ వైద్యంపై ఒక చట్టం చేసింది. 2022 జనవరి 25 నుంచి అది అమలులోకి వచ్చింది. సహాయక పునరుత్పత్తి సాంకేతిక చట్టం అని దాని పేరు. పేరు నోరు తిరగకపోయినా, అందులోని ముఖ్యాంశాలు తెలిసి ఉండటం మంచిది.

అండం ఇచ్చే స్త్రీ వయసు 23 నుంచి 35 ఏళ్ళ మధ్య ఉండాలి. జీవితంలో ఒక్కసారి మాత్రమే ఆమె అండాలు ఇవ్వాలి. ఆ ఒక్కసారి కూడా ఏడు అండాలకు మించి తీయరాదు. ఒక దాత అండాలను ఒక్క జంటకే వాడాలి. వేరొకరికి పంచరాదు. దాతను చూపించటం, పరీక్షించటం ఆస్పత్రి పని కాదు. విడిగా రిజిస్టరు అయిన బ్యాంకు ఆ పని చేయాలి. ఇది డబ్బు దాచే బ్యాంకు కాదు. దాతలను సమకూర్చి, వీర్యం, అండాల వంటివి భద్రపరచే సంస్థను చట్టం ఆ పేరుతో పిలిచింది. దాత పేరు, చిరునామా, ఆధార్ సంఖ్య బ్యాంకు నమోదు చేసుకోవాలి. ఎయిడ్స్, కామెర్లు కలిగించే హెపటైటిస్ బి, సి, సవాయి రోగం లేవని పరీక్షించాలి. దాత పేరున 12 నెలల బీమా చేయించవలసిన బాధ్యత బిడ్డను కోరే దంపతులదే. దాత రాతపూర్వకంగా సమ్మతి ఇవ్వాలి.

దంపతుల వయసుకూ హద్దు ఉంది. భార్య వయసు 21 దాటి 50కి లోపు, భర్త వయసు 21 దాటి 55కి లోపు ఉండాలి. 2019 సెప్టెంబరు 5న గుంటూరులోని ఒక ఆస్పత్రిలో తూర్పు గోదావరి జిల్లాకు చెందిన, డెబ్బయ్యేళ్ళు దాటిన వృద్ధురాలు కవల ఆడపిల్లలను కన్న సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఆమె గర్భం ధరించింది దాత అండంతోనే. దేశమంతా ఆ వార్త మోగింది. ఆ వయసులో బిడ్డలను కని ఎవరు పెంచుతారు అన్న ప్రశ్నా అప్పుడే లేచింది. నేటి చట్టం ప్రకారం అటువంటి వైద్యం చేయటం కుదరదు.

అండాలను, పిండాలను అమ్మటం, దాతల కోసం దళారులను వాడటం, దాతను గాని దంపతులను గాని దోచుకోవటం నేరం. మొదటిసారి అయితే అయిదు నుంచి పది లక్షల రూపాయల జరిమానా. మళ్ళీ చేస్తే మూడు నుంచి ఎనిమిదేళ్ళ జైలు, పది నుంచి ఇరవై లక్షల జరిమానా. మగపిల్లవాడినే ఇప్పిస్తామని పిండం దశలోనే ఎంపిక చేయటం అంతకంటే పెద్ద నేరం.

కాగితం మీద బాగానే ఉంది

కాగా, చట్టం వచ్చినంత మాత్రాన దళారులు ఊరుకోలేదు. 2022 జూన్‌లో తమిళనాడులోని ఈరోడ్‌లో బయటపడిన ఉదంతం ఇందుకు తార్కాణం. అక్కడ 16 ఏళ్ళ బాలికతో కన్నతల్లే పలుమార్లు అండాలు అమ్మించినట్లు పోలీసులు వెల్లడించారు. దొంగ ఆధార్ కార్డు సృష్టించి ఆమె వయసు పెంచి చూపించారు. విడతకు రూ. 20,000 తల్లికి, రూ. 5,000 దళారికి ముట్టాయని వార్తలు వచ్చాయి. ఆ బాలికను తిప్పిన ఆస్పత్రుల జాబితాలో తమిళనాడు, కేరళ ఆస్పత్రులతో పాటు మన తిరుపతిలోని ఒక ఆస్పత్రి కూడా ఉంది. తమిళనాడు ప్రభుత్వం తన రాష్ట్రంలోని ఆస్పత్రులపై చర్య తీసుకుని, మిగతావాటి విషయం ఆయా రాష్ట్రాలకు తెలియజేసింది.

ఒక్కసారే ఇవ్వాలన్న నిబంధన అమలులో ఉన్న ఏడాదిలోనే ఈ ఘోరం వెలుగు చూసింది. దొంగ కార్డు ముందు చట్టం ఎంత బలహీనమో దీనినిబట్టి తెలుస్తోంది. ఇంకొక చిక్కు కూడా ఉంది. ఏడు అండాలు, ఒక్కసారి, ఒక్క జంట అన్న హద్దుల వల్ల దాతలు దొరకటం కష్టమయిందని, దంపతులకు ఖర్చు పెరిగిందని ఈ వైద్యం చేసే డాక్టర్లు కొందరు అంటున్నారు. ఏడు అండాలు తీసినా అన్నీ పిండాలు కావు. రెండో మూడో మంచి పిండాలు దక్కితే అదృష్టమే. వారి మాటలో నిజం లేకపోలేదు. కాని ఆ హద్దులు లేని రోజుల్లో ఒక్క మనిషి నుంచి ఒకేసారి ఇరవై, ముప్ఫై అండాలు పిండుకున్న సందర్భాలు ఉన్నాయి. పేద ఇంటి ఆడపిల్ల ఒంటికి కంచె కట్టటానికి వచ్చిన నిబంధన అది. కంచె ఇరుకుగా ఉందని అనేవారు, కంచె లేనప్పుడు చేను ఎవరు మేశారో కూడా చెప్పాలి.

సరుకు తక్కువ, గిరాకీ ఎక్కువ అయినచోట దళారి పుడతాడు. ఎరువుల కొరత నాడు మన రైతులందరూ చూసిందే. మూడు రోజుల్లో దాతను చూపిస్తానని, కోరిన రంగు, కోరిన కులం పిల్లను తెస్తానని చెప్పే మనిషి ఎవరైనా సరే, అతడు చట్టం వెలుపలి మనిషి అని గుర్తించాలి. దంపతుల ఆత్రుతే అతడి పెట్టుబడి.

మరి ఏమి చూడాలి?

దాత ఎవరో దంపతులకు చెప్పరు. దంపతులు ఎవరో దాతకు చెప్పరు. ఇద్దరి మేలు కోరి పెట్టిన గోప్యత ఇది. కాని ఎత్తు, బరువు, ఒంటి రంగు, చదువు, ఆరోగ్య చరిత్ర వంటి వివరాలు తెలుసుకోవచ్చు. ఈ వివరాలలో ఏది ముందు, ఏది వెనుక అన్నదే అసలు ఎంపిక.

మొదట చూడవలసింది వయసు. వయసు తక్కువయితే అండం బలంగా ఉంటుంది. గర్భం నిలవటానికి దాత వయసే ముఖ్యం గాని, మోసే తల్లి వయసు అంత ముఖ్యం కాదు.

రెండవది వంశపారంపర్య జబ్బులు. ఇది మనవాళ్ళు దాదాపు అడగనే అడగరు. తలసేమియా, సికిల్ సెల్ అనే రక్త జబ్బులు మన ప్రాంతంలో ఉన్నాయి. మన్యం ప్రాంతాలలో సికిల్ సెల్ మరీ ఎక్కువ. ఈ జబ్బు లక్షణాన్ని మోసే మనిషి పైకి ఆరోగ్యంగానే కనిపిస్తాడు. అటువంటి లక్షణం దాతలోను, భర్తలోను రెండింటా ఉంటే పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు జబ్బు వచ్చే అవకాశం ఉంటుంది. అటువంటి బిడ్డకు జీవితాంతం వైద్యం తప్పదు. చిన్న రక్త పరీక్షతో ముందే తెలుసుకోగలిగిన విషయం ఇది. దాతకు చేశారా, భర్తకు చేశారా అని అడగాలి. పిల్ల ఎర్రగా ఉందా అన్న ప్రశ్న కంటే ఈ ప్రశ్న వెయ్యిరెట్లు విలువైనది.

మూడవది పత్రాలు. ఆస్పత్రికి, బ్యాంకుకు వేరువేరుగా రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ పత్రాన్ని అందరికీ కనిపించేచోట గోడకు తగిలించాలి. గడువు అయిదేళ్ళు. తేదీ దాటిందేమో చూసుకోవాలి. చదువు రాకపోతే వెంట చదువుకున్నవారిని తీసుకువెళ్ళాలి.

నాలుగవది దాత సమ్మతి, బీమా. బీమా కాగితం చూపించమని అడగటానికి మొహమాటపడనక్కరలేదు. దానికి డబ్బు కడుతున్నది దంపతులే. బీమా కాగితం చూపించలేని చోట దాత కూడా చట్టప్రకారం వచ్చిన మనిషి కాదేమోనని అనుమానించాలి.

అయిదవది ఖర్చు. ఎంత అవుతుంది, ఒకసారి విఫలమయితే మళ్ళీ ఎంత కట్టాలి, మిగిలిన పిండాలను దాచటానికి ఏటా ఎంత అని రాసి ఇమ్మనాలి. లాభనష్టాలు, ఖర్చు, దుష్ఫలితాలు, కవలలు పుట్టే ప్రమాదం గురించి ముందే విడమరచి చెప్పవలసిన బాధ్యతను చట్టం ఆస్పత్రి మీద పెట్టింది. ప్రతి రూపాయికీ రసీదు తీసుకోవాలి. వైద్యం ముగిసిన తరువాత ఏమి చేశారో రాసిన పత్రం ఇవ్వాలని కూడా చట్టంలో ఉంది.

ఇక రంగు, పోలికలు. తల్లిదండ్రుల పోలికలకు దగ్గరగా ఉండే దాతను కోరటం తప్పు కాదు. బిడ్డను చూసి ఊరు నాలుగు మాటలు అనకుండా ఉండాలని ఆ కోరిక. కాని దాత ఎర్రగా ఉన్నంత మాత్రాన బిడ్డ ఎర్రగా పుడుతుందని లేదు. సొంత బిడ్డలలోనే ఒకరు తాత పోలిక, ఒకరు మేనత్త పోలిక రావటం మనకు తెలియనిది కాదు. కులం అయితే అండంలో ఎక్కడా ఉండదు. ఏ సూక్ష్మదర్శినికీ అది కనిపించదు.

చెల్లెలి చేత ఇప్పించవచ్చు గదా?

బయటి మనిషి ఎందుకు, తోబుట్టువే ఇస్తే పోలిక వస్తుంది, ఖర్చూ తగ్గుతుంది అని ఆలోచించే కుటుంబాలు ఉన్నాయి. ఈ విషయంలో బొంబాయి హైకోర్టు 2024 ఆగస్టులో ఇచ్చిన తీర్పును తెలుసుకోవాలి. ఒక స్త్రీకి బిడ్డలు లేకపోతే ఆమె చెల్లెలు అండాలు ఇచ్చింది. వేరొక స్త్రీ గర్భం మోసింది. 2019లో కవల ఆడపిల్లలు పుట్టారు. ఆ తరువాత భర్త పిల్లలను తీసుకుని వేరుగా వెళ్ళిపోయాడు. అండం ఇచ్చిన చెల్లెలు కూడా అక్కడే ఉంది. కన్నతల్లి హక్కు చెల్లెలిదేనని, భార్యకు పిల్లల మీద ఏ హక్కూ లేదని భర్త వాదించాడు. కోర్టు అందుకు ఒప్పుకోలేదు. అండం ఇచ్చినంత మాత్రాన తల్లి అనే హక్కు రాదని, బిడ్డను కోరి ఒప్పందం చేసుకున్న దంపతులే తల్లిదండ్రులని చెప్పింది. వారానికొకసారి పిల్లలను చూసుకునే వీలు ఆ అక్కకు కల్పించింది.

అక్క గెలిచింది. కాని పిల్లల ముఖం చూడటానికి హైకోర్టు దాకా వెళ్ళవలసి వచ్చింది. ఇంట్లో మాట మీద జరిగే ఏర్పాట్లు ఎంతవరకు లాగుతాయో ఈ కేసు చూపుతోంది. ఉమ్మడి ఆస్తిలో చేను పంచుకున్నా కాగితం రాయించుకునే మనం, బిడ్డ విషయంలో మాట చాలని అనుకోరాదు. దాతను బ్యాంకు ద్వారానే సమకూర్చాలని, గోప్యత ఉండాలని చట్టం చెప్పటంలోని మేలు ఇక్కడే ఉంది. పైగా అత్తింటివారి ఒత్తిడికి తలవంచి ఇచ్చే చెల్లెలు, ఇష్టపడి ఇస్తున్నదో, కాదనలేక ఇస్తున్నదో ఎవరు చెప్పగలరు?

బిడ్డ ఎవరిది?

ఊళ్ళో లేచే పెద్ద ప్రశ్న ఇదే. "రక్తం వేరే గదా" అంటారు. నిజానికి కడుపులోని బిడ్డ రక్తం తల్లి నుంచి వచ్చేది కాదు. ఏ గర్భంలోనైనా అంతే. తన రక్తాన్ని బిడ్డే తయారు చేసుకుంటుంది. తల్లి రక్తంలోని గాలి, ఆహారం మావి ద్వారా బిడ్డకు చేరతాయి. దాత నుంచి వచ్చేది ఒక్క కణం. ఆ కణాన్ని మూడు కిలోల బిడ్డగా పెంచేది, నొప్పులు పడేది, పాలిచ్చేది మోసిన తల్లే. దేవకి ఎవరు, యశోద ఎవరు అన్న వాదన మన ఇళ్ళలో కొత్తది కాదు. ఇక్కడ కడుపున మోసిన తల్లీ, పెంచే తల్లీ ఒక్కరే.

చట్టం కూడా ఈ విషయంలో సందేహానికి చోటివ్వలేదు. ఈ పద్ధతిలో పుట్టిన బిడ్డ దంపతుల సొంత బిడ్డే. వారి ఆస్తిలో, పొలంలో, ఇంటిపేరులో సొంత బిడ్డకు ఉన్న హక్కులన్నీ ఉంటాయి. దాతకు బిడ్డ మీద ఏ హక్కూ ఉండదు. బిడ్డకు దాత ఆస్తి మీద హక్కు ఉండదు. దాయాదులు రేపు కోర్టుకెక్కినా నిలవదు. అందుకే ఆస్పత్రి ఇచ్చిన పత్రాలను పట్టాదారు పాసు పుస్తకం దాచినంత భద్రంగా దాచుకోవాలి.

బిడ్డకు చెప్పాలా, వద్దా అన్నది మాత్రం ఏ చట్టమూ తేల్చలేదు. అది తల్లిదండ్రులు ఆలోచించుకోవలసిన విషయం. అయితే ఒకటి. ఊళ్ళో నలుగురికి తెలిసిన సంగతి బిడ్డకు ఒక్కడికే తెలియకుండా ఉండదు. వీధిలో ఎవరో అనగా వినటం కంటే తల్లి నోట వినటం నయం.

అద్దె గర్భం పేరుతో మోసం

గర్భసంచి కూడా పనికిరానివారికి వేరొక స్త్రీ గర్భం మోసే పద్ధతి ఉంది. దానికి వేరే చట్టం ఉంది. అదీ 2022 జనవరి 25నే అమలులోకి వచ్చింది. డబ్బుకు గర్భం అద్దెకివ్వటం దాని ప్రకారం నేరం. ఆ పద్ధతిలో దాత అండాన్ని వాడరాదని కేంద్ర ప్రభుత్వం 2023 మార్చిలో నిబంధన పెట్టింది. అనేకమంది కోర్టుకు వెళ్ళిన మీదట 2024 ఫిబ్రవరిలో దానిని సడలించింది. వైద్య కారణం ఉందని జిల్లా వైద్య మండలి ధ్రువీకరిస్తే దాత కణం వాడవచ్చు. కాని దంపతులలో ఒకరి కణమైనా తప్పక ఉండాలి.

ఈ తేడాలు తెలియనివారినే మోసగాళ్ళు పట్టుకుంటారు. 2025 జూలైలో సికింద్రాబాద్‌లో బయటపడిన కేసులో, మీ బిడ్డేనని చెప్పి దంపతుల వద్ద రూ. 35 లక్షలకు పైగా వసూలు చేసి, ఒక పేద జంట నుంచి కొన్న పసికందును వారి చేతిలో పెట్టారని పోలీసులు ప్రకటించారు. అనుమానం వచ్చిన దంపతులు డి.ఎన్.ఎ. పరీక్ష చేయిస్తేగాని నిజం తెలియలేదు. ఆ బిడ్డను కన్నవారికి ముట్టింది రూ. 90,000 అని పోలీసుల మాట. మోసపోయింది ఒక్క దంపతులేనా? ఆ పసిబిడ్డ సంగతి ఏమిటి? లక్షలు చేతులు మారినచోట మొదట నలిగేది నోరులేని ప్రాణమే.

చేయవలసింది ఏమిటి?

ప్రభుత్వం చేయవలసినవి కొన్ని ఉన్నాయి. దాతల ఆధార్ వివరాలను అక్కడికక్కడే సరిచూసి, ఆమె ఇంతకుముందు ఎక్కడైనా అండాలు ఇచ్చిందేమో తెలిసే ఏర్పాటు గట్టిగా అమలు కావాలి. రిజిస్టరయిన ఆస్పత్రుల, బ్యాంకుల పేర్లు జిల్లాలవారీగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో గోడకు అంటించాలి. ఆశా కార్యకర్తలకు ఈ విషయం మీద రెండు ముక్కలు నేర్పాలి. హైదరాబాద్ గాంధీ ఆస్పత్రిలో 2023లో ప్రభుత్వం టెస్ట్‌ట్యూబ్ వైద్య కేంద్రాన్ని ప్రారంభించింది. అటువంటివి జిల్లాలకు రావాలి. ఈ వైద్యం ఉన్నవారికే దక్కేదిగా ఉన్నంతకాలం లేనివారు పొలాలు అమ్ముకుంటూనే ఉంటారు.

ప్రజలు చేయవలసినవీ ఉన్నాయి. దంపతులిద్దరూ కలిసి మొదట పరీక్షలు చేయించుకోవాలి. లోపం భర్తలో ఉంటే దాత అండంతో పని జరగదు. క్షయ వంటి జబ్బుతో గర్భసంచి పొర దెబ్బతిన్నా అంతే. ఒక డాక్టరు చెప్పినది మరొక డాక్టరు చేత సరిచూపించుకోవటంలో తప్పు లేదు. దళారి ఎవరైనా ఊళ్ళోకి వచ్చి ఆడపిల్లలకు ఆశ చూపితే జిల్లా వైద్య ఆరోగ్య అధికారికి, పోలీసులకు తెలియజేయాలి. ఆస్పత్రి మీద ఫిర్యాదు ఉంటే అక్కడి ఫిర్యాదుల విభాగంలో రాసి ఇచ్చి నకలు తీసుకోవాలి. ఇవేవీ కుదరనివారికి చట్టప్రకారం దత్తత తీసుకునే దారి ఉండనే ఉంది. అది తక్కువ దారి కాదు.

ఇంతకూ ఎంపిక అంటే ఆల్బంలో ఫొటో చూసి ముద్దొచ్చిన ముఖాన్ని ఏరుకోవటం కాదు. ఆరోగ్యమైన దాతను, నిజాయితీగల బ్యాంకును, రసీదు ఇచ్చే ఆస్పత్రిని ఎంచుకోవటం. తన ఇష్టంతో ఇచ్చి, క్షేమంగా తన ఇంటికి తిరిగి వెళ్ళే స్త్రీని ఎంచుకోవటం. అలా పుట్టిన బిడ్డ ఏ రంగులో ఉన్నా, ఉయ్యాలలో వేసిన నాడు ఆ ఇంటికి లోటు ఉండదు. ఆ ఉయ్యాల పేరంటానికి, పదేళ్ళు తనను పిలవటానికి వెనుకాడిన వీధివారినందరినీ ఆ తల్లే స్వయంగా వెళ్ళి బొట్టు పెట్టి పిలుస్తుంది.